ఓడ టికెట్‌లో ఏముంటది, ఏముండది: క్రూజ్ మీద అపోహలు, వాస్తవాలు

హన్మకొండ, కాజీపేట, కరీంనగర్ నుంచి సింగపూర్ క్రూజ్ బుక్ చేసుకోను వచ్చే కుటుంబాలు కూర్చోగానే అడిగే మాట ఒకటే: "ఓడ ఎక్కినంక ఇగ పైసలు పెట్టేది ఉండది గద?" ఎవరో బంధువు చెప్పి ఉంటాడు, లేదంటే వాట్సాప్‌లో వీడియో వచ్చి ఉంటుంది. ఈ ఒక్క మాట నమ్మి పోయినవాళ్లు చివరి రోజు బిల్లు చూసి గుండె పట్టుకుంటున్నారు. మిగతా అపోహలతో పోయేది కొద్దిగానే. పెద్ద నష్టం దీనితోనే. అందుకే ముందు దీన్ని తేల్చుకుందాం.

అపోహ: టికెట్ కొంటే ఓడలో అన్నీ ఫ్రీ.

వాస్తవం: టికెట్‌లో మీ రూము, మెయిన్ డైనింగ్ హాలులో మూడు పూటల భోజనం, బఫే, థియేటర్ షోలు, స్విమ్మింగ్ పూల్స్, జిమ్, పిల్లల క్లబ్ ఉంటాయి. తాగడానికి మంచినీళ్లు, మామూలు టీ, కాఫీ, నిమ్మరసం, పొద్దున బఫేలో జ్యూసులు ఉంటాయి. కూల్‌డ్రింకులు, మద్యం, సీసా నీళ్లు, కెఫేలో క్యాపుచినో, ప్రత్యేక రెస్టారెంట్లు, స్పా, ఇంటర్నెట్, లాండ్రీ, ఫొటో ప్రింట్లు, డాక్టర్ దగ్గర చూపించుకోవడం, ఊరు చూపించే టూర్లు టికెట్‌లో రావు. అన్నిటికన్నా ముఖ్యంగా టిప్పులు రావు.

టిప్పు అంటే మనసుకు తోచింది చేతిలో పెట్టడం అనుకుంటాం. ఓడలో అది రోజువారీ లెక్క. పెద్ద అమెరికా కంపెనీల ఓడల్లో మనిషికి రోజుకు సుమారు 16 నుంచి 20 డాలర్లు ఓడలో మీ పేరున ఉండే ఖర్చు ఖాతాలో దానంతట అదే పడుతుంది. సూట్ రూములకు ఇంకాస్త ఎక్కువ. చాలా కంపెనీలు చిన్నపిల్లలకూ ఇదే రేటు వేస్తాయి. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, 4 రాత్రులు, రోజుకు 18 డాలర్లు అనుకోండి. 288 డాలర్లు. మన డబ్బుల్లో పాతిక వేల రూపాయల దాకా. ఒక్క కూల్‌డ్రింకు కూడా తాగకుండానే ఇంత బిల్లు అయిపోయింది. బుకింగ్ అప్పుడే టిప్పులు కూడా కట్టేసే వీలుంటుంది. కొటేషన్ కాగితంలో ఆ లైను ఉందో లేదో చూడండి. లేకపోతే అది తక్కువ ధర ప్యాకేజీ కాదు, ఆ లైను రాయని ప్యాకేజీ.

రెండో దెబ్బ 18 శాతం. బార్, స్పా, ప్రత్యేక రెస్టారెంట్ బిల్లుల మీద చాలా ఓడల్లో 18 శాతం సర్వీసు చార్జీ కలుస్తుంది. మెనూలో 10 డాలర్లు అని ఉంటే కట్టేది 11.80.

మూడోది మనవాళ్లు ఊహించనిది: పిల్లల చేతిలో ఉండే ఓడ కార్డు. ఆ కార్డే రూము తాళం, అదే గుర్తింపు కార్డు, అదే పర్సు. వీడియో గేముల హాలులో మిషన్ మీద కార్డు తాకిస్తే ఆట మొదలవుతుంది, బిల్లు మాత్రం తండ్రి ఖాతాలో పడుతుంది. పన్నెండేళ్ల పిల్లగాడికి అది డబ్బు లాగా కనబడదు, వాడి తప్పేమీ లేదు. ఎక్కిన రోజే గెస్ట్ సర్వీసెస్ కౌంటర్‌కు పోయి "పిల్లల కార్డుల మీద ఖర్చు ఆపెయ్యండి" అని చెప్పండి, లేదా ఇంత వరకే అని పరిమితి పెట్టించండి. తలుపు తెరవడానికి ఆ కార్డు మామూలుగానే పనిచేస్తుంది.

ఇక ఈ ఖాతాకు ఏ కార్డు జతచేస్తారన్నది. డెబిట్ కార్డు ఇవ్వకండి. ఓడ మీ ఖర్చును బట్టి రోజూ కొంత మొత్తాన్ని బ్యాంకులో పట్టి ఉంచుతుంది. చివర్లో అసలు బిల్లు కోసుకున్నాక కూడా పట్టి ఉంచిన సొమ్ము విడుదల కావడానికి బ్యాంకు కొన్ని రోజులు తీసుకుంటుంది. అప్పటి దాకా రెండుసార్లు డబ్బు పోయినట్టే కనబడుతుంది, మనిషికి నిద్ర పట్టదు. క్రెడిట్ కార్డు ఇవ్వండి, లేదంటే కౌంటర్‌లో నగదు డిపాజిట్ కట్టండి. 2020 అక్టోబరు నుంచి రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం కొత్త కార్డులు మన దేశంలో వాడకానికే తెరిచి ఇస్తున్నారు. విదేశీ లావాదేవీలను బ్యాంకు యాప్‌లో మనమే ఆన్ చేసుకోవాలి. ఆ పని ఇంట్లో ఉన్నప్పుడే చేయండి. నడి సముద్రంలో ఓటీపీ ఎస్సెమ్మెస్ రాదు.

ఈ అపోహకు ఇంకో కొస కూడా ఉంది, అది చూస్తే నాకు ఎక్కువ బాధ. బిల్లు కథలు విని భయపడ్డవాళ్లు ఉచితంగా ఉన్నవాటి జోలికి కూడా పోరు. మెయిన్ డైనింగ్ హాలులో తెల్లటి టేబుల్‌క్లాత్, వరసగా గ్లాసులు చూసి "ఇది పైసలిచ్చేది" అని వెనక్కి తిరిగి నాలుగు రాత్రులూ బఫేలోనే తిన్న పెద్దవాళ్లున్నారు. ఆ హాలు మీదే. మెనూలో పక్కన ధర రాయని ప్రతి వంటకం మీ టికెట్‌లో ఉన్నట్టే. ఒకటి నచ్చకపోతే ఇంకోటి అడగొచ్చు, రెండు తెప్పించుకున్నా ఎవరూ ఏమనరు. శాకాహారం, జైన్ భోజనం కావాలంటే బుకింగ్‌లోనే రాయించండి. మొదటి రాత్రి హెడ్ వెయిటర్‌కు కూడా చెప్పండి. చాలా చోట్ల ఆయన రేపటి మెనూ ముందు రోజే తెచ్చి, పప్పు, రొట్టె, అన్నం ఏం కావాలో రాసుకుపోతాడు.

ఇలాగే ఫ్లోరైడర్. వాలుగా ఉన్న మెత్తటి పలక మీదికి పంపులు నీళ్లను పల్చటి పొరలా ఎగదోస్తాయి, ఆ పొర మీద చిన్న బోర్డుతో జారడమే ఆట. అమెరికా కంపెనీ రాయల్ కరీబియన్ పెద్ద ఓడల్లో మామూలు సమయాల్లో దీనికి డబ్బు తీసుకోరు. పడుకుని జారడానికి కనీస ఎత్తు 52 అంగుళాలు, అంటే 132 సెంటీమీటర్లు. నిలబడి జారడానికి 58 అంగుళాలు, 147 సెంటీమీటర్లు. ఇంటి గోడకు టేపు పెట్టి పిల్లల్ని కొలిచి తీసుకెళ్లండి. లైన్‌లో గంట నిలబడ్డాక కొలబద్ద దగ్గర వెనక్కి పంపితే పిల్లలు తట్టుకోలేరు. మెడలో గొలుసులు, చెవికమ్మలు తీయమంటారు. పుస్తెలు తీయడం ఇష్టం లేనివాళ్లు ఆ సంగతి ముందే ఆలోచించుకోవాలి.

అదే కంపెనీ క్వాంటమ్ తరగతి ఓడల్లో నార్త్ స్టార్ అని ఒక గాజు గది ఉంటుంది. పెద్ద చెయ్యిలాంటి క్రేను దాన్ని సముద్రం మీద 300 అడుగుల ఎత్తుకు లేపుతుంది. గాలి ఎక్కువైతే ఆపేస్తారు. అందుకే స్లాటు మొదటి రోజుకే పెట్టుకోండి, ఆగిపోయినా ఇంకో రోజు చేతిలో ఉంటుంది. ఇది కొన్ని ట్రిప్పుల్లో ఉచితం, కొన్నిటిలో రుసుము. ఓడ కంపెనీ యాప్‌లో దాని పేరు పక్కన ధర ఉంటే కట్టాలి, లేకపోతే లేదు. షోలకూ యాప్‌లోనే సీటు పెట్టుకోవాలి, దానికి డబ్బు లేదు. షోకు 10, 15 నిమిషాల ముందు చేరకపోతే మీ సీట్లు బయట నిలబడ్డవాళ్లకు ఇచ్చేస్తారు.

పిల్లల క్లబ్ చాలా ఓడల్లో 3 ఏళ్ల నుంచి. డైపర్ మానేసిన పిల్లలనే తీసుకుంటారు. రాత్రి 10 దాటితే గంటకింత అని చార్జీ మొదలవుతుంది.

అపోహ: ఇంటర్నేషనల్ రోమింగ్ వేయించుకున్నాం, ఓడలో ఫోన్‌కు ఢోకా లేదు.

వాస్తవం: రేవు దాటాక మీ ఫోన్ పట్టుకునేది ఏ దేశపు టవరూ కాదు, ఓడలోనే ఉన్న శాటిలైట్ టవర్. సింగపూర్, థాయ్‌లాండ్‌కు తీసుకున్న మామూలు ప్యాక్ దానికి వర్తించదు. జేబులో ఉన్న ఫోన్ తనంతట తాను డేటా లాగుతుంటే బిల్లు వేలల్లో వస్తుంది. ఓడ కదలకముందే ఏరోప్లేన్ మోడ్ పెట్టి, వైఫై ఒక్కటి ఆన్ చేయండి. ఓడ యాప్‌కు ఇంటర్నెట్ కొనక్కర్లేదు. ఇంటికి వాట్సాప్ కాల్ చేయాలంటే ప్యాకేజీ కొనాలి. దాన్ని ఒక్కో ఫోన్‌కు లెక్కగట్టి అమ్ముతారు, ఎక్కక ముందు ఆన్‌లైన్‌లో కొంటే సాధారణంగా చవక. అందరికీ కొనే పని లేదు. ఒక్క ఫోన్‌కు కొని, అందులో లాగౌట్ చేసి ఇంకోదానిలో లాగిన్ కావచ్చు.

అపోహ: రీల్‌లో చూసిన ఓడ, మనం ఎక్కే ఓడ ఒకటే.

వాస్తవం: రీల్స్‌లో తిరిగేది ఎక్కువగా ఐకాన్ ఆఫ్ ది సీస్. 2024 జనవరిలో మొదలైంది, మయామి నుంచి నడుస్తుంది, ఎక్కాలంటే అమెరికా వీసా కావాలి. పొడవు 365 మీటర్లు. కాజీపేటలో ఆగే 15 బోగీల రైలు ఎంతో అంత. 20 డెక్కులు (అంతస్తులు), 7 పూల్స్, 6 వాటర్ స్లైడ్లు. ముంబై నుంచి నడిచే కార్డీలియా ఎంప్రెస్ 1990లో కట్టిన ఓడ, గ్రాస్ టన్నేజీ 48 వేల చిల్లర, ఐకాన్‌లో ఐదో వంతు. గ్రాస్ టన్నేజీ అంటే బరువు కాదు, లోపలి జాగా కొలత. ఎంప్రెస్‌లో పూల్, థియేటర్, మన భోజనం అన్నీ ఉన్నాయి. పాస్‌పోర్టు లేనివాళ్లు మన దేశంలోని రేవుల మధ్య తిరిగే ట్రిప్పు హాయిగా చేయొచ్చు. ఫ్లోరైడర్ కోసం వెతికితే మాత్రం దొరకదు. బుక్ చేసేముందు కంపెనీ పేరు కాదు, ఓడ పేరు అడగండి. ఆ ఓడ డెక్ ప్లాన్ తెరిచి మీకు కావలసింది అందులో ఉందో లేదో వేలు పెట్టి చూసుకోండి.

అపోహ: సముద్రంలో ఊగి ఊగి వాంతులవుతాయి.

లక్నవరం చెరువులో పడవ ఊగినట్టు ఊహించుకుని పెద్దవాళ్లు భయపడతారు. ఆ భయం సహజమే, తీసిపారేయొద్దు. ఇంత పెద్ద ఓడకు నీటి అడుగున రెండు పక్కలా రెక్కల్లాంటి స్టెబిలైజర్లు ఉంటాయి, పక్కలకు ఊగడాన్ని అవి బాగా తగ్గిస్తాయి. ముందుకీ వెనక్కీ ఎగిరిపడే కదలికను మాత్రం ఆపలేవు. అందుకే ఓడ మధ్యలో, కింది డెక్కులో రూము అడగండి. వాంతుల గోలీ తల తిరగక ముందే వేసుకోవాలి, డాక్టర్‌ను ఇక్కడే అడిగి తెచ్చుకోండి. గర్భిణులకు ఒక మాట: ప్రయాణం ముగిసేలోపు 24వ వారం వస్తే చాలా కంపెనీలు ఎక్కనివ్వవు. పసిపిల్లలకు కనీసం 6 నెలలు నిండాలి.

అపోహ: రైస్ కుక్కర్ పట్టుకుపోతే బతికిపోతాం.

కుక్కర్, కెటిల్, ఇస్త్రీ పెట్టె, హీటర్ రాడ్, ఎక్స్‌టెన్షన్ బోర్డు, ఏదీ తీసుకెళ్లనివ్వరు. స్కానింగ్‌లో తీసి పెట్టుకుని దిగేటప్పుడు ఇస్తారు. కారణం నిప్పు భయం, నడి సముద్రంలో ఫైరింజన్ రాదు. ఇంట్లో పెట్టిన పచ్చడి సీసాలు కూడా తీసేయొచ్చు. సీలు తీయని ప్యాకెట్లయితే ఇబ్బంది ఉండదు. వాటికి బదులు చిన్న ప్లాస్టిక్ మగ్గు పెట్టుకోండి, చాలా ఓడల బాత్రూముల్లో జెట్ స్ప్రే ఉండదు. రూము గోడలు ఇనుపవి, నాలుగు అయస్కాంతం కొక్కేలు ఉంటే తడి బట్టలు తగిలించుకోవచ్చు. ఖాళీ స్టీలు సీసా తీసుకెళ్లండి. ఓడలో సముద్రపు నీళ్లను శుద్ధిచేసి తాగునీరుగా మారుస్తారు, నీళ్లు కొనే అవసరం లేదు.

పూల్‌లో చీర, జీన్సు, కాటన్ పైజామా ఒప్పుకోరు, నూలు పోగులు ఫిల్టర్లలో చిక్కుకుంటాయి. పూర్తి చేతులు, కాళ్లు కప్పే ఈత బట్టలు దొరుకుతాయి, అవి వేసుకోవచ్చు. డైపర్ పిల్లలను పూల్‌లోకి దింపనివ్వరు, స్విమ్ డైపరైనా సరే.

అపోహ: మనకోసం ఓడ కాసేపు ఆగుతుంది.

ఆగదు. సింగపూర్ నుంచి ఫుకెట్ పోయేవాళ్లు ఇక్కడ జాగ్రత్త. ఫుకెట్ గడియారం సింగపూర్ కంటే గంట వెనక. ఓడ చాలాసార్లు సింగపూర్ సమయమే పాటిస్తుంది, ఫోన్ మాత్రం ఒడ్డు ఎక్కగానే థాయ్ సమయానికి మారిపోతుంది. 5 గంటలకు తిరిగి రావాలని ఓడవాళ్లు చెప్పి ఉంటే, మీ ఫోన్‌లో 4 చూపించేటప్పటికే ఆఖరి గడువు. పెద్ద ఓడలు ఫుకెట్‌లోని పటోంగ్ బీచ్ దగ్గర నీళ్లలోనే లంగరు వేస్తాయి, చిన్న పడవలో తిరిగి రావాలి, దానికీ లైను ఉంటుంది. ఓడ సమయం పెట్టిన చేతి గడియారం ఒకటి కట్టుకోండి. తప్పిపోతే తరువాతి రేవు దాకా విమానం ఖర్చు మీదే. మరో మాట: మధ్యలో వేరే దేశం దిగి మళ్లీ సింగపూర్‌కు వస్తారు కాబట్టి సింగపూర్ వీసా మల్టిపుల్ ఎంట్రీ ఉండాలి. సింగపూర్‌లో క్రూజ్ టెర్మినళ్లు రెండు, మరీనా బే ఒకటి, హార్బర్‌ఫ్రంట్ ఒకటి. ట్యాక్సీ ఎక్కేముందు మీ కాగితంలో ఏది రాసి ఉందో చూడండి. షిప్పు బయలుదేరే రోజే విమానం దిగేలా పెట్టుకోకండి, ఒక రోజు ముందు చేరండి.

చివరి రాత్రి పెద్ద సంచులకు ట్యాగులు కట్టి గది బయట పెట్టమంటారు. పాస్‌పోర్టులు, బీపీ, షుగర్ గోలీలు, పొద్దున వేసుకునే బట్టలు చేతి సంచిలో ఉంచుకోండి. అదే రాత్రి పడుకునే ముందు టీవీలోనో యాప్‌లోనో మీ ఖాతా తెరిచి ఒక్కో లైను చదవండి. మీరు తాగని మినీబార్ సీసా, రెండుసార్లు పడ్డ ఫొటో చార్జీ కనబడితే అప్పుడే కౌంటర్‌కు పోయి చెప్పండి, సరిచేస్తారు. పొద్దున ఆ కౌంటర్ ముందు చాంతాడంత లైను ఉంటుంది.