ఇంటర్వ్యూ పిలుపు ట్రాష్‌లో ఎందుకు పడింది?

మారతహళ్లిలో ఒక పీజీలో మా అక్క కొడుకు ఉంటాడు. మదనపల్లెలో బీటెక్ పూర్తిచేసి, ఉద్యోగం కోసం బెంగళూరు వచ్చి ఎనిమిది నెలలైంది. గదిలో ముగ్గురూ తెలుగు పిల్లలే. పొద్దున కళ్లు తెరవగానే ముగ్గురూ చేసే మొదటి పని మెయిల్ చూసుకోవడం. మొన్న ఆదివారం నేను వెళ్లేసరికి వాడు లాప్‌టాప్ ముందు మొహం వేలాడేసుకుని కూర్చున్నాడు.

"మామా, ఇంటర్వ్యూకి పిలిచారు. మెయిల్ వచ్చి తొమ్మిది రోజులైంది, నేను ఇవాళ చూశాను" అన్నాడు. ఇంటర్వ్యూ గురువారమే అయిపోయింది.

ఆ మెయిల్ వాడి జీమెయిల్ ఇన్‌బాక్స్‌లో లేదు, స్పామ్‌లోనూ లేదు, ట్రాష్‌లో ఉంది. అక్కడికి తోసింది వాడు పెట్టుకున్న ఫిల్టరే. నెల రోజులుగా వాడికి రోజూ పది పదిహేను దొంగ మెయిళ్లు వస్తున్నాయి. మీరు సెలెక్ట్ అయ్యారు, ఆఫర్ లెటర్ కావాలంటే రెండున్నర వేలు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి అని. విసిగిపోయి, సబ్జెక్ట్‌లో 'ఇంటర్వ్యూ' అనో 'సెలెక్టెడ్' అనో ఉంటే డిలీట్ చేసెయ్యమని ఫిల్టర్ పెట్టాడు. దొంగ మెయిళ్లు ఆగాయి, వాటితోపాటే అసలు పిలుపూ పోయింది.

వాణ్ణి తప్పు పట్టలేను. మాటను చూసి మెయిల్‌ను ఆపెయ్యాలన్న ఆలోచన వాడికంటే ముందు చాలామందికి వచ్చింది, చాలామంది దెబ్బతిన్నారు. ఆ కథ తెలిసుంటే వాడు ఫిల్టర్ వేరేలా పెట్టుకునేవాడు.

కథ మెయిల్ పుట్టిన చోటే మొదలవుతుంది. ఇంటర్నెట్‌కు ముందు రూపమైన అర్పానెట్ మీద పనిచేసిన జాన్ పోస్టెల్ 1975లోనే ఒక చిన్న నోట్ రాశాడు. అక్కర్లేని సందేశాలు వచ్చిపడుతుంటే వద్దని చెప్పే దారి అందుకునే కంప్యూటర్‌కు లేదని, అది చిక్కు తెస్తుందని అందులో హెచ్చరించాడు. మూడేళ్లు తిరగకుండానే అది నిజమైంది. 1978 మేలో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కంపెనీ మార్కెటింగ్ ఉద్యోగి గ్యారీ థ్యూర్క్ కొత్త కంప్యూటర్ల ప్రదర్శనకు రమ్మంటూ దాదాపు 400 మందికి ఒకేసారి మెయిల్ పంపించాడు. తిట్లు తిన్నాడు. మొదటి స్పామ్‌గా చరిత్రలో నిలిచింది అదే.

మెయిల్ ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి వెళ్లే పద్ధతిని 1982లో అదే పోస్టెల్ రాశాడు. ఎస్‌ఎంటీపీ అంటారు, ఇవాళ్టికీ మెయిల్ నడిచేది దాని మీదే. పంపినవాడు నిజంగా తాను చెప్పుకున్నవాడేనా అని అడిగే ఏర్పాటు అందులో లేదు. మన ఇన్‌లాండ్ లెటర్ లాంటిదే. వెనక 'ఫ్రమ్' దగ్గర ఎవరి పేరైనా రాసి డబ్బాలో వేయొచ్చు, పోస్ట్‌మ్యాన్ తెచ్చి ఇస్తాడు. యూనివర్సిటీలు, పరిశోధన సంస్థలు, సైన్యం వాళ్లు తప్ప ఆ నెట్‌వర్క్‌లో ఎవరూ లేని రోజులవి. ఆ నమ్మకం మీద కట్టిన ఇంటికి ఆ తర్వాత లోకమంతా వచ్చి చేరింది.

గ్రీన్‌కార్డు కథ మన వాళ్లకు బాగా అర్థమవుతుంది. 1994 ఏప్రిల్‌లో అమెరికాలోని అరిజోనాకు చెందిన లాయర్ దంపతులు లారెన్స్ కాంటర్, మార్తా సీగెల్ యూజ్‌నెట్ చర్చా గుంపుల్లో వేలాదివాటిలో ఒకే ప్రకటన పెట్టారు. ఫీజు కడితే గ్రీన్‌కార్డు లాటరీకి దరఖాస్తు వేసిపెడతామని దాని సారాంశం. ఆ రోజుల్లో ఆ లాటరీకి ఎవరికి వాళ్లు పైసా ఫీజు లేకుండా దరఖాస్తు పెట్టుకోగలిగేవాళ్లు. ఊరికే దొరికేదానికి డబ్బు అడగడం, ఆశ ఉన్నవాడి దగ్గరికే వెళ్లి అడగడం. మా వాడికొచ్చిన రిజిస్ట్రేషన్ ఫీజు మెయిల్ వరస కూడా ఇదే. ఆ రోజుల్లోనే 'స్పామ్' అన్న పేరు జనం నోళ్లలో స్థిరపడింది. నిజానికది డబ్బాలో అమ్మే మాంసం పేరు. ఒక బ్రిటిష్ టీవీ హాస్య ఘట్టంలో హోటల్లో ఏం అడిగినా స్పామే వస్తుంది, అక్కడి నుంచి ఈ అర్థం పుట్టింది.

మన దేశంలో 1995 ఆగస్టు 15న ప్రభుత్వ సంస్థ విదేశ్ సంచార్ నిగమ్ మామూలు జనానికి ఇంటర్నెట్ ఇవ్వడం మొదలుపెట్టింది. మరుసటేడు బెంగళూరు బ్రిగేడ్ రోడ్డులో మొదటి కెఫె కాఫీ డే తెరిచినప్పుడు అది కాఫీతోపాటు ఇంటర్నెట్ కూడా ఇచ్చే చోటు. అదే 1996 జులైలో, బెంగళూరులో పెరిగిన సబీర్ భాటియా, జాక్ స్మిత్‌తో కలిసి అమెరికాలో హాట్‌మెయిల్ ప్రారంభించాడు. డబ్బు కట్టకుండా, ఏ కంప్యూటర్ నుంచైనా చూసుకోగల మెయిల్ అడ్రస్ అప్పుడు సామాన్యుడి చేతికొచ్చింది. ఎంత మంచి పనో! కానీ ఊరికే దొరికే అడ్రస్ స్పామ్ పంపేవాడికీ ఊరికే దొరుకుతుంది. సైబర్ కెఫేలో గంటకింత అని కట్టి కూర్చున్నవాడు అందులో కొంత టైమ్ చెత్త మెయిళ్లు చెరపడానికే పెట్టేవాడు.

ఆపడానికి జనం మొదట పట్టుకున్నవి రెండు దారులు. ఒకటి బ్లాక్‌లిస్ట్. 1997లో పాల్ విక్సీ అనే ఇంజనీరు, స్పామ్ పంపే సర్వర్ల (మెయిళ్లు చేరవేసే కంప్యూటర్ల) చిట్టా ఒకటి నడపడం మొదలుపెట్టాడు. ఆ చిట్టాలో ఉన్న సర్వర్ నుంచి ఏమొచ్చినా తీసుకోవద్దు. అదే సర్వర్ వాడే అమాయకుల మెయిళ్లూ అలాగే ఆగిపోయేవి. రెండోది మాటల జాబితా. దాంతో ఏమవుతుందో 1996లోనే బయటపడింది. ఇంగ్లండ్‌లో స్కన్‌థార్ప్ అనే ఊరుంది. ఆ పేరు ఇంగ్లిష్ స్పెల్లింగ్ మధ్యలో ఒక బూతు మాట దాగి ఉంది. దాన్ని చూసి అమెరికా ఇంటర్నెట్ కంపెనీ ఏఓఎల్ ఫిల్టర్ ఆ ఊరివాళ్లను ఖాతాలే తెరవనివ్వలేదు. ఇటు స్పామర్లేమో ఒక అక్షరం బదులు అంకె పెట్టి, మధ్యలో చుక్కలు పెట్టి సులువుగా తప్పించుకునేవాళ్లు. మాటల ఫిల్టర్‌కు దొంగ దొరకడు, ఊరివాడు దొరుకుతాడు. మా వాడి ఇంటర్వ్యూకు పట్టిన గతి ఇదే.

మలుపు తిప్పింది 18వ శతాబ్దపు ఇంగ్లిష్ మతాధికారి థామస్ బేయిస్ పేరున ఉన్న లెక్క. 1998లో స్టాన్‌ఫర్డ్, మైక్రోసాఫ్ట్ పరిశోధకులు దాన్ని స్పామ్ మీద ప్రయోగించి చూశారు. 2002లో పాల్ గ్రాహమ్ అనే ప్రోగ్రామర్ తన వ్యాసంతో దాన్ని అందరికీ చేర్చాడు. ఒక మాట ఉందా లేదా అని మాత్రమే చూడకుండా, ప్రతి మాట మనకొచ్చిన మంచి మెయిళ్లలో ఎన్నిసార్లు ఉంది, చెత్త మెయిళ్లలో ఎన్నిసార్లు ఉంది అని లెక్కగట్టి, మెయిల్ మొత్తానికి తూకం వేయడం. 'ఇంటర్వ్యూ' అన్నది రెండు వైపులా ఉంటుంది కాబట్టి అదొక్కటే ఏదీ తేల్చదు. 'రిజిస్ట్రేషన్ ఫీజు' పక్కన 'వెంటనే' చేరితే మొగ్గు తెలుస్తుంది. పైగా ఎవరి మెయిళ్లను బట్టి వాళ్ల ఫిల్టర్ నేర్చుకుంటుంది. మనం 'రిపోర్ట్ స్పామ్' అని గానీ, 'నాట్ స్పామ్' అని గానీ నొక్కితే యంత్రానికి పాఠం చెప్పినట్టే. ఆ నొక్కుడుకు బద్ధకించకూడదని నేను గట్టిగా చెబుతాను.

అప్పటి ఉత్సాహంలో 2004 జనవరిలో బిల్ గేట్స్ రెండేళ్లలో స్పామ్ సమస్య తీరిపోతుందని అన్నాడు. తీరలేదు. 2008 నవంబరులో కాలిఫోర్నియాలో మెక్‌కోలో అనే, సర్వర్లు అద్దెకిచ్చే ఒక్క హోస్టింగ్ సంస్థకు ఇంటర్నెట్ తెంపేస్తే ప్రపంచంలో స్పామ్ ఒక్కసారిగా సగానికి పైగా పడిపోయింది. కొన్ని నెలల్లో మళ్లీ లేచింది.

పంపినవాడి పేరు అడగకపోవడమనే అసలు లోపానికి మాట్లు ఆలస్యంగా పడ్డాయి. ఒక డొమైన్ (మెయిల్ అడ్రస్‌లో @ తర్వాత ఉండే భాగం) పేరుతో ఏ సర్వర్లు మెయిల్ పంపొచ్చో ముందే ప్రకటించే ఎస్‌పీఎఫ్, మెయిల్ మీద ఆ డొమైన్ డిజిటల్ ముద్ర వేసే డీకిమ్, ఈ రెండు పరీక్షల్లోనూ మెయిల్ నెగ్గకపోతే ఏం చేయాలో చెప్పే డీమార్క్ 2006, 2012 మధ్య ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ వీటిని పెద్ద ఎత్తున మెయిళ్లు పంపేవాళ్లకు తప్పనిసరి చేశాయి. రోజుకు 5,000కు పైగా పంపేవాళ్లను గూగుల్ ఆ లెక్కలోకి తీసుకుంటుంది. పోస్టెల్ హెచ్చరించిన దాదాపు యాభై ఏళ్లకు!

మన చట్టం సంగతి నాకు బాధగానే ఉంటుంది. ఫోన్‌కు వచ్చే ప్రకటనల మీద టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనలున్నాయి, 1909కు ఫిర్యాదు చేయొచ్చు. మెయిల్‌కు అలాంటిది లేదు. ఐటీ చట్టంలో 2008 సవరణతో వచ్చిన 66ఏ సెక్షన్‌లో, ఎక్కడి నుంచి వచ్చిందో తెలియకుండా మోసగించే మెయిల్ గురించి ఒక మాట ఉండేది. భావప్రకటన స్వేచ్ఛకు అడ్డమని సుప్రీంకోర్టు 2015 మార్చిలో ఆ సెక్షన్‌ను మొత్తంగా కొట్టేసింది. అది సరైన తీర్పే. కానీ ఆ ఖాళీలో మెయిల్ స్పామ్ కోసం విడిగా ఒక చట్టం రాలేదు. మోసపోయాక సైబర్ క్రైమ్ వాళ్ల దగ్గరికి వెళ్లొచ్చు, 1930కు ఫోన్ చేయొచ్చు. మోసపోకముందు మనకు అడ్డు ఫిల్టరే.

ఆ ఆదివారం మేమిద్దరం కూర్చుని ట్రాష్‌లోని దొంగ మెయిల్ ఒకటి తెరిచాం. పైన పెద్ద కంపెనీ పేరు, హెచ్‌ఆర్ టీమ్ అని ఉంది. పేరు మీద నొక్కితే కింద అసలు అడ్రస్ కనిపించింది. ఎవరైనా రెండు నిమిషాల్లో తెరవగల ఉచిత మెయిల్ అడ్రస్ అది. పక్కనే ఇంటర్వ్యూ పిలుపు తెరిచి, మూడు చుక్కలు నొక్కి 'షో ఒరిజినల్' చూశాం. ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడింటి ఎదురుగా 'పాస్' అని ఉంది. ఆ డొమైన్ నుంచే వచ్చిందనడానికి మాత్రమే అది సాక్ష్యం. డొమైన్ సొంతదారు మంచివాడని హామీ ఏమీ కాదు, కాబట్టి @ తర్వాత ఉన్న స్పెల్లింగ్ కంపెనీ వెబ్‌సైట్‌తో సరిపోయిందా లేదా అని అక్షరం అక్షరం చూశాం.

పాత ఫిల్టర్ తీసేశాం. కొత్తదానికి సెర్చ్ పెట్టె పక్కనున్న గీతల గుర్తు నొక్కి, ఒక్కో మాట విడిగా పెట్టకుండా 'రిజిస్ట్రేషన్ ఫీజు' అన్న జంటమాటను ఇంగ్లిష్‌లో కొటేషన్ గుర్తుల మధ్య రాశాం. డిలీట్ పెట్టలేదు. ఇన్‌బాక్స్‌లోకి రాకుండా 'అనుమానం' అనే లేబుల్ కిందికి వెళ్లేలా పెట్టాం, రాత్రిపూట ఒకసారి చూసుకుంటే చాలు. వాడు దరఖాస్తు చేసిన కంపెనీల డొమైన్లను 'ఫ్రమ్' దగ్గర రాసి 'నెవర్ సెండ్ ఇట్ టు స్పామ్' టిక్ పెట్టాం. ఇదంతా ఫోన్‌లోని జీమెయిల్ యాప్‌లో కుదరదు, లాప్‌టాప్ బ్రౌజర్‌లోనే చేయాలి. స్పామ్‌లోనూ ట్రాష్‌లోనూ మెయిళ్లు 30 రోజులే ఉంటాయి, తర్వాత వాటంతటవే పోతాయి. మా వాడికి తొమ్మిదో రోజున కనిపించడం అదృష్టం.

తర్వాత హెచ్‌ఆర్‌కు జరిగింది జరిగినట్టు రాయించాను. బుధవారం జవాబొచ్చింది. ఈ విడత ఇంటర్వ్యూలు అయిపోయాయి, వచ్చే విడతలో పిలుస్తాం అన్నారు. అది ఈసారి నేరుగా ఇన్‌బాక్స్‌లోనే పడింది.