రిసెప్టర్ స్క్రీనింగ్ పేటెంట్లు: కొన్ని అపోహలు, వాస్తవాలు

కణం మీదున్న రిసెప్టర్‌ను, అంటే బయటి సంకేతాన్ని అందుకునే ప్రొటీన్‌ను, ఏ రసాయనం కదిలిస్తుందో పట్టే పరీక్షలకు పేటెంట్లు రాయడం, అవతలివాళ్ల పేటెంట్లలో లొసుగులు వెతకడం నా పని. ఈ తగాదాలు చాలావరకు ఒక్క ప్రశ్న దగ్గరే తేలతాయి: ఈ రంగంలో మామూలు నిపుణుడికి ఇది ఎలాగూ తట్టేదేనా? దీన్నే ఆబ్వియస్‌నెస్ అంటాం. కింద చెప్పే కేసులన్నీ అమెరికావి.

అపోహ: ఇంతకుముందు ఎవరూ చేయలేదుగా, పేటెంట్‌కు అది చాలు.

వాస్తవం: చాలదు. కొత్తదనం వేరు, ఆబ్వియస్ కాకపోవడం వేరు; రెండూ ఉండాలి. మన పేటెంట్ చట్టంలోనూ అంతే.

అపోహ: పాత పేపర్ వేరే పని కోసం రాసింది, మనకు అడ్డురాదు.

వాస్తవం: క్లయింట్లు నాతో ఎక్కువగా వాదించేది ఇక్కడే. సిబియా కంపెనీ పేటెంట్‌లోని పద్ధతి ఇది: కణంలో రిసెప్టర్, దానికి తోడు సిగ్నల్ ఇచ్చే రిపోర్టర్ జీన్ ఉంటాయి. రసాయనం రిసెప్టర్‌ను కదిలిస్తే సిగ్నల్ వస్తుంది. కాడస్ కంపెనీ దీన్ని ఉల్లంఘించిందని 1998లో జ్యూరీ 1.85 కోట్ల డాలర్లు కట్టమంది. 2000లో పేటెంట్ అప్పీళ్లు వినే ఫెడరల్ సర్క్యూట్ కోర్టు ఆ తీర్పును కొట్టేసింది, పేటెంట్‌లోని పద్ధతి ఆబ్వియస్ అంది. ఇన్సులిన్‌కు ఒక జీన్ ఎలా స్పందిస్తుందో చూసిన పాత పరిశోధనా పత్రమే సిబియా కొంప ముంచింది. ఆ పత్రం మందుల వేట కోసం రాసింది కాదు. అయినా లాభం లేకపోయింది. పాత పత్రం ఎందుకు రాశారన్నది కాదు, చదివిన నిపుణుడికి అందులోంచి ఏం తడుతుందన్నదే లెక్క.

అపోహ: బయాలజీలో ఏదీ ముందే చెప్పలేం, పైగా ఏళ్లు కష్టపడ్డాం, కాబట్టి ఇది ఆబ్వియస్ కాదు.

వాస్తవం: కష్టానికి మార్కుల్లేవు. ఆవిష్కరణ ఎలా జరిగిందన్నది పేటెంట్‌కు అడ్డు కాదని అమెరికా చట్టం 103వ సెక్షనే అంటుంది, అంటే మెరుపులా తట్టినా తప్పులేదు. ఇక ముందే చెప్పలేమన్న వాదనకు జవాబు 2009 నాటి క్యూబిన్ కేసు. నేచురల్ కిల్లర్ అనే రోగనిరోధక కణాల మీద ఉండే నెయిల్ అనే రిసెప్టర్ జీన్‌కు పేటెంట్ అడిగారు. ఆ ప్రొటీన్ ముందే తెలుసు. దాన్ని పట్టే యాంటీబాడీ ఉంది. జీన్ తీసే విధానం ల్యాబ్ మాన్యువల్‌లో ఉంది. ఇక ఆశ్చర్యపోవడానికేం మిగిలిందంటూ కోర్టు పేటెంట్ కాదంది. నా మటుకు ఆ తీర్పు సరైనదే.

అపోహ: ‘ప్రయత్నిస్తే సరిపోయేది’ అని అవతలివాళ్లు అంటే పేటెంట్ పోయినట్టే.

వాస్తవం: దారీతెన్నూ లేకుండా వంద మార్పులు చేసి చూడాల్సి వస్తే అది ఆబ్వియస్ కాదని 1988లోనే ఓఫారెల్ తీర్పు చెప్పింది. 2007లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన కేఎస్ఆర్ తీర్పు తర్వాత ‘ప్రయత్నిస్తే సరిపోయేది’ అన్న వాదనకు బలం పెరిగిన మాట నిజమే. అయినా ఫలితం వస్తుందని ముందే సబబైన నమ్మకం ఉండేదని చూపించాలి.

అపోహ: ఈ ఆబ్వియస్‌నెస్ గండం గట్టెక్కితే స్క్రీనింగ్‌లో దొరికిన మందూ మనదే.

వాస్తవం: 2003లో బేయర్, హౌసీ కంపెనీల కేసులో కోర్టు ఇది ఒప్పుకోలేదు. స్క్రీనింగ్‌తో వచ్చేది సమాచారం, తయారైన వస్తువు కాదంది. అందుకే ఆ పని పేటెంట్ లేని దేశంలో చేసుకుని ఫలితం అమెరికాకు తెచ్చుకున్నవాళ్లను దిగుమతి సెక్షన్ కింద, అంటే పేటెంట్ పద్ధతితో బయట తయారైన వస్తువును తెస్తే తప్పనే నిబంధన కింద, పట్టుకోలేరు.