హరికేన్ దారిలో మనవాళ్లుంటే: కొన్ని అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ సంఘాలకూ ఆఫీసులకూ విపత్తుల సమయంలో ఏం చేయాలో శిక్షణ ఇవ్వడం నా పని. అట్లాంటిక్‌లో హరికేన్ల సీజన్ జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా ఉంటుంది. ఆగస్టు వచ్చిందంటే అమెరికాలో మనవాళ్లున్న ఇళ్ల నుంచి నాకు ఫోన్లు ఎక్కువవుతాయి. "అమ్మాయి టాంపాలో ఉందండీ", "మా ఫ్రెండ్ హ్యూస్టన్‌లో ఉన్నాడు, ఏం చెయ్యమనాలి?" అని అడుగుతారు. బంగాళాఖాతంలో తుపాను పుడితే కాకినాడ, మచిలీపట్నంలో ఉన్నవాళ్ల గురించి ఇవే ప్రశ్నలు. అడిగేవాళ్ల ప్రేమలో లోటేమీ లేదు. ఆ ప్రేమ అవతలివాళ్లకు పనికొచ్చేలా ఉండాలనే ఇది రాస్తున్నాను.

అపోహ: మ్యాప్‌లో గీత వాళ్ల ఊరి మీద లేదు, కాబట్టి గండం తప్పింది.

అమెరికా జాతీయ హరికేన్ కేంద్రం ఇచ్చే మ్యాప్‌లో ముందుకు పోయేకొద్దీ వెడల్పయ్యే తెల్లటి ఆకారం ఒకటుంటుంది. తుపాను పరిమాణం అదేనని చాలామంది అనుకుంటారు. నిజానికి అది తుపాను కేంద్రం ఎటు పోవచ్చో చెప్పే అంచనా మాత్రమే. పాత లెక్కల ప్రకారం మూడింట రెండొంతుల సార్లు కేంద్రం ఆ హద్దుల్లో ఉంటుంది, మిగతా సార్లు దాటిపోతుంది. గాలి, వాన, ఉప్పెన ఎంత దూరం వ్యాపిస్తాయో ఆ ఆకారం చెప్పదు.

2022 సెప్టెంబరులో ఫ్లోరిడా మీదికి ఇయన్ హరికేన్ వచ్చినప్పుడు తీరం దాటడానికి కొద్ది రోజుల ముందు అందరి చూపూ టాంపా మీదే ఉంది. 28న అది అక్కడికి బాగా దక్షిణాన, ఫోర్ట్ మయర్స్ దగ్గర తీరాన్ని తాకింది. అక్కడి సముద్రతీర ఇళ్లను ఉప్పెన తుడిచిపెట్టేసింది. అందుకే ఫోన్ చేసేటప్పుడు "గీత మీ మీదుగా పోతోందా?" అని కాదు, "మీ ఏరియాకు హరికేన్ హెచ్చరిక ఉందా? ఉప్పెన హెచ్చరిక ఉందా?" అని అడగండి. ఆ రెండూ వేర్వేరు హెచ్చరికలు.

అపోహ: హరికేన్ కేటగిరీ 1 మాత్రమే కదా, ఏం కాదు. పైగా వాళ్లుండేది సముద్రానికి దూరం.

నాకు ఎక్కువ భయం కలిగించే మాట ఇదే. కేటగిరీ అనేది గాలి వేగాన్ని మాత్రమే కొలుస్తుంది. గంటకు 119 నుంచి 153 కిలోమీటర్లయితే ఒకటి, 252 దాటితే ఐదు. అందులో వాన లెక్క లేదు, ఉప్పెన లెక్క లేదు. ప్రాణాలు ఎక్కువగా తీసేది నీళ్లు. 1977 నవంబరు 19న దివిసీమలో వేలమందిని పొట్టన పెట్టుకున్నది ఉప్పెనే. 2017లో హార్వీ హ్యూస్టన్‌ను ముంచేనాటికి హరికేన్ స్థాయి నుంచి పడిపోయి, కదలకుండా కురుస్తూ ఉంది. 2024 సెప్టెంబరులో హెలీన్ ఫ్లోరిడాలో తీరం దాటి, వందల కిలోమీటర్లు లోపలికి వెళ్లి, నార్త్ కరోలినా కొండల్లోని ఆష్‌విల్‌ను వరదలో ముంచింది.

అంతదూరం ఎందుకు? 2020 అక్టోబరు 13న కాకినాడ దగ్గర తీరం దాటింది తుపాను కూడా కాదు, తీవ్ర వాయుగుండం. దానికి పేరు కూడా పెట్టలేదు. ఆ రాత్రి హైదరాబాద్ ఏమైందో మనం చూశాం. టోలీచౌకీ నదీమ్ కాలనీలో రోజుల తరబడి నీళ్లు దిగలేదు. వాయుగుండం, తుపాను, తీవ్ర తుపాను అన్న పేర్లన్నీ గాలి వేగాన్ని బట్టి పెట్టినవే. మన తీరానికి ఉప్పెన అంచనాలు ఇచ్చేది మన ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్ (భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం). తీరంలో బంధువులున్నవాళ్లు ఆ సమాచారం విడిగా చూడాలి.

అపోహ: ఖాళీ చేయమన్నారు, ఫ్లైట్లు దొరకలేదు, ఇక ఇంట్లోనే ఉండాలి.

వేరే రాష్ట్రానికి పారిపోనక్కర్లేదు. నీటి నుంచి దూరంగా వెళ్లాలి, గాలి నుంచి దాక్కోవాలి. అక్కడ పాటించే సూత్రం ఇదే. ఫ్లోరిడాలో ప్రతి తీర జిల్లాకూ ఏ, బీ, సీ అంటూ జోన్లు ఉంటాయి, ఖాళీ చేయమనే ఆదేశాలు వాటిని బట్టే ఇస్తారు. చాలాసార్లు కొన్ని పదుల కిలోమీటర్లు లోపలికి, ఎత్తులో ఉన్న గట్టి ఇంటికి వెళ్తే చాలు. అక్కడ ఒక తెలుగు స్నేహితుడి ఇల్లు ఉంటే అంతకన్నా ఏం కావాలి! "మా ఇంటికి రండి" అని ముందే పిలవండి. ఇబ్బంది పెట్టకూడదని వాళ్లు అడగరు.

వీసా మీద ఉన్నవాళ్లు షెల్టర్‌కి వెళ్లడానికి జంకుతారు. అత్యవసర ఆశ్రయం, తిండి, నీళ్లు వీసాతో సంబంధం లేకుండా అందరికీ ఇస్తారు. ఈ మాట మీ వాళ్లకు తప్పకుండా చెప్పండి. పాస్‌పోర్టు, వీసా కాగితాలు, మందులు నీళ్లు చొరబడని కవర్లో పెట్టుకుని బయల్దేరమనండి.

అపోహ: గంటగంటకూ ఫోన్ చేస్తేనే పట్టించుకున్నట్టు.

ఇక్కడి నుంచి అమ్మ, అత్తయ్య, ముగ్గురు క్లాస్‌మేట్లు వరసగా వీడియో కాల్ చేస్తే, కరెంటు పోయిన ఇంట్లో ఫోన్ చార్జింగ్ ఎంతసేపు నిలుస్తుంది? ఫ్లోరిడాలో చాలా భాగానికీ మనకూ ఆ నెలల్లో తొమ్మిదిన్నర గంటల తేడా. మనకు తెల్లారి టెన్షన్ మొదలయ్యేసరికి వాళ్లు కాస్త నడుం వాలుస్తుంటారు.

తుపాను రావడానికి రెండు రోజుల ముందే తీరిగ్గా ఒక్కసారి మాట్లాడండి. మీరు ఏ జోన్‌లో ఉన్నారు? వెళ్లాల్సి వస్తే ఎవరింటికి? కార్లో పెట్రోలు ఉందా? మనిషికి రోజుకు నాలుగు లీటర్ల చొప్పున కొన్ని రోజులకు సరిపడా నీళ్లున్నాయా? పాప మందులు, నాన్నగారి బీపీ మాత్రలు రెండు వారాలకు ఉన్నాయా? కుటుంబం మొత్తానికి ఒక్క మనిషిని పెట్టుకోండి. వాళ్లు ఆ ఒక్కరికే కబురు పంపితే, ఆయనే మిగతావాళ్లందరికీ చెప్తాడు. నెట్‌వర్క్ బలహీనంగా ఉన్నప్పుడు కాల్ కలవకపోయినా మామూలు ఎస్సెమ్మెస్ వెళ్లే అవకాశం ఉంటుంది. "బాగున్నాం. ఇంట్లోకి నీళ్లు రాలేదు. కరెంటు లేదు. రేపు 8కి మళ్లీ పెడతా" అంటే చాలు. చెప్పిన టైముకు మెసేజ్ రాకపోతే టవర్ పడిపోయి ఉండొచ్చని కూడా ముందే అనుకోండి.

చిన్నవే కానీ ప్రమాదకరమైనవి

కిటికీ అద్దాలకు అడ్డంగా టేపు అంటిస్తే ఆగుతాయనుకుంటారు. ఆగవు. పైగా పెద్ద పెద్ద ముక్కలుగా విరిగి మీద పడొచ్చు. షట్టర్లో ప్లైవుడ్డో ఉండాలి. ఇంట్లో ఒత్తిడి తగ్గాలని కిటికీ తెరవడం కూడా తప్పే, గాలీ వానా లోపలికొస్తాయి. ఉన్నట్టుండి గాలి ఆగి ఎండ కాసిందంటే తుపాను వెళ్లిపోయిందని కాదు, దాని కన్ను, అంటే నడిమధ్యలో ఉండే ప్రశాంతమైన భాగం, మీ మీదికొచ్చిందని. కాసేపటికే ఎదురు దిక్కు నుంచి మళ్లీ విరుచుకుపడుతుంది.

అపోహ: తీరం దాటింది, ఇక గండం గడిచినట్టే.

చాలామంది తర్వాతే చనిపోతారు. జనరేటర్‌ను గరాజ్‌లో నడిపితే వాసన కూడా లేని కార్బన్ మోనాక్సైడ్ నిద్రలోనే ప్రాణం తీస్తుంది. తలుపులకూ కిటికీలకూ కనీసం 6 మీటర్ల దూరంలో, బయటే నడపాలి. పారే నీళ్లు 30 సెంటీమీటర్లున్నా చిన్న కారును లాక్కెళ్లగలవు. కరెంటు పోయి నాలుగు గంటలు దాటితే ఫ్రిజ్‌లోని పాలు, మాంసం, వండిన కూరలు పారేయాలి. కాబట్టి మర్నాడు ఫోన్ కలిస్తే, "బాగున్నారా?" తర్వాత అడగాల్సింది "జనరేటర్ ఎక్కడ పెట్టారు?" అని. రెండోది, ఇల్లు కడిగే ముందు ఇన్సూరెన్స్ కోసం ఫోటోలు తీశారా అని.