పడుకునే ముందు మూడు చుట్లు

మా ఇంటి కుక్క తన పరుపు ఎక్కగానే పడుకోదు. ముందరి కాళ్లతో గుడ్డను రెండుమూడుసార్లు గీరి, ఉన్నచోటనే మూడు చుట్లు తిరిగి, ఏదో కుదరనట్టు ఒక్కోసారి నాలుగో చుట్టు కూడా వేసి, అప్పుడు పెద్దగా నిట్టూర్చి నడుం వాలుస్తుంది. పదమూడేళ్లుగా రోజూ చూస్తున్నా నాకు ఆ దృశ్యం పాతబడలేదు. చార్లెస్ డార్విన్ కూడా ఈ అలవాటును శ్రద్ధగా గమనించాడు. మనుషులు, జంతువులు తమ భావాలను వ్యక్తం చేసే తీరుపై 1872లో ప్రచురించిన గ్రంథంలో ఆయన, తివాచీ మీద పడుకోబోయే కుక్క గుండ్రంగా తిరుగుతూ నేలను గీరడాన్ని ప్రస్తావించాడు. గడ్డిని తొక్కి, మట్టిని తోడి పడక సిద్ధం చేసుకున్న పూర్వీకుల అలవాటు, దాని అవసరం తీరిపోయిన తరువాత కూడా కుక్కలో మిగిలి ఉందని ఆయన భావించాడు.

ఇంటి కుక్క చేసే పనులలో చాలావాటికి మనం మనకు తెలిసిన మనుషుల అర్థాలనే చెప్పుకుంటాం. తోక ఊపితే సంతోషమని, తల దించుకుంటే సిగ్గని, దారిలో ఆగిపోతే మొండితనమని అనుకుంటాం. ఆ అర్థం సరిపోయినప్పుడు ఇబ్బంది లేదు. సరిపోనప్పుడు నష్టపోయేది కుక్కే కాబట్టి, దాని శరీరం ఎలా పనిచేస్తుందో కొంతైనా తెలుసుకోవడం మన బాధ్యత అని నేను నమ్ముతాను.

మొండితనం అనుకునే అలవాటుతోనే మొదలుపెడతాను. నడకకు తీసుకువెళ్లినప్పుడు కుక్క ఒక స్తంభం దగ్గర ఆగి, ముక్కు ఆనించి, ఎంతసేపటికీ కదలదు. మనిషి ముక్కులో వాసనను పట్టే గ్రాహకాలు సుమారు 50 నుంచి 60 లక్షలు ఉంటే, కుక్క ముక్కులో అవి 20 కోట్లకు మించి ఉంటాయి. సంఖ్య ఒక్కటే కాదు, ఆ ముక్కు నిర్మాణమే విశేషమైనది. లోపలికి పీల్చిన గాలి రెండు దారులుగా చీలుతుంది. ఎక్కువ భాగం ఊపిరితిత్తుల వైపు సాగితే, కొంత భాగం ముక్కు వెనుక ఉన్న వాసనల అరలోకి చేరి అక్కడ నిలుస్తుంది. వదిలే గాలి ముక్కుపుటాల పక్కనున్న చీలికల గుండా వెనక్కి, పక్కలకు పోతుంది కనుక, ఎదుట ఉన్న వాసన చెదిరిపోదు. ఆసక్తిగా వాసన చూస్తున్నప్పుడు కుక్క సెకనుకు ఐదారుసార్లు గాలి పీల్చగలదు. వీటికి తోడు అంగిలికి పైన జాకబ్సన్ అవయవం అనే మరో సాధనం ఉంది. తోటి జంతువుల శరీరాల నుంచి వెలువడే రసాయన సంకేతాలను అది గ్రహిస్తుంది. కాబట్టి ఆ స్తంభం దగ్గర కుక్కకు దొరుకుతున్నది చాలా పెద్ద సమాచారం: ఇటుగా వెళ్లినది ఆడదా మగదా, ఎదకు వచ్చిందా, తెలిసినదా కొత్తదా. మనం గొలుసు పట్టి లాగిన ప్రతిసారీ ఆ చదువు మధ్యలోనే ఆగిపోతుంది. రెండు వారాల పాటు ముక్కుతో వెతికే ఆటలు ఆడిన కుక్కలు, తిండి ఉందో లేదో తెలియని గిన్నెను అంతకుముందుకంటే ఎక్కువ ఆశతో, త్వరగా సమీపించాయని 2019లో వెలువడిన ఒక పరిశోధన చూపింది. అది చదివిన తరువాత నేను నడక దూరాన్ని తగ్గించి, ఆగే సమయాన్ని పెంచాను.

మలమూత్ర విసర్జన తరువాత కుక్క వెనుక కాళ్లతో మట్టిని ఎగజిమ్మడాన్ని కూడా మనం తరచు పొరబడతాం. పిల్లి లాగా కప్పిపెడుతోందని అనుకుంటాం గాని, కప్పడం ఎప్పుడూ జరగదు. నేలపై గీతలు, పాదాల నుంచి నేలకు అంటుకునే వాసన కలిసి అక్కడ మరింత స్పష్టమైన గుర్తును మిగులుస్తాయి.

తోక సంగతి ఇంకా సున్నితమైనది. ఇటలీ శాస్త్రవేత్తలు 2007లో 30 పెంపుడు కుక్కలను పరిశీలించినప్పుడు, యజమానిని చూసిన కుక్కల తోక తమ కుడివైపుకు ఎక్కువగా ఊగింది; బెదిరించేలా ఉన్న కొత్త కుక్కను చూసినప్పుడు ఎడమవైపుకు మొగ్గింది. మెదడులోని రెండు అర్ధభాగాలు వేరువేరు భావాలలో ముందుకు రావడమే దీనికి కారణమని వారు వివరించారు. ఎడమవైపుకు ఊగే తోకను చూసిన ఇతర కుక్కల గుండె వేగం పెరిగినట్లు 2013లో మరో ప్రయోగం చూపింది. అందువల్ల తోక ఊపుతోంది కదా అని తెలియని కుక్క తల మీద చెయ్యి వేయడం మంచిది కాదు. ఒళ్లు బిగిసి ఉందా, సడలి ఉందా అన్నది కూడా చూడాలి.

నన్ను అన్నిటికంటే ఎక్కువగా కదిలించినది తప్పుచేసిన ముఖం గురించిన పరిశోధన. చెవులు వెనక్కి వాల్చి, ఒళ్లు కుదించుకుని, చూపు తప్పించే కుక్కను చూస్తే, తాను చేసిన తప్పు దానికి తెలుసునని ఎవరైనా అంటారు. అలెగ్జాండ్రా హోరోవిట్జ్ అనే శాస్త్రవేత్త 2009లో 14 కుక్కలతో దీనిని పరీక్షించారు. యజమాని తినవద్దని చెప్పి గది బయటకు వెళ్లాక, కొన్నిసార్లు కుక్క ఆ తినుబండారాన్ని తిన్నది, కొన్నిసార్లు తినలేదు. తిరిగి వచ్చిన యజమానికి మాత్రం ఒక్కోసారి అసలు జరిగినదానికి భిన్నంగా చెప్పారు. కుక్క ముఖంలో ఆ భావం కనిపించడానికి అది తినడంతో సంబంధం లేకపోయింది. యజమాని మందలించాడా లేదా అన్నదే తేల్చింది. ఇంకా చెప్పాలంటే, ఏ తప్పూ చేయకుండానే తిట్లు తిన్న కుక్కలలో ఆ ముఖం మరింత ప్రస్ఫుటంగా కనిపించింది. మా కుక్క చిన్నతనంలో చెప్పులు కొరికిందని, గంటల తరువాత ఇంటికి వచ్చి నేను గద్దించిన రోజులు గుర్తుకు వస్తే ఇప్పటికీ బాధగా ఉంటుంది. అప్పుడు నేను చూసినది పశ్చాత్తాపం కాదు, కోపంగా ఉన్న నన్ను శాంతింపజేయడానికి అది పడిన తాపత్రయం.

ఆ ముఖం మనలను అంతగా కరిగించడానికి ఒక శరీర కారణం ఉంది. కనుబొమ లోపలి కొసను పైకి లేపే చిన్న కండరం కుక్కలలో చక్కగా రూపొంది ఉంటుందని, తోడేళ్లలో ఆ చోట సన్నని పోగులు మాత్రమే కనిపిస్తాయని 2019లో వెలువడిన శరీర నిర్మాణ అధ్యయనం తెలిపింది. ఆ కొస లేచినప్పుడు కన్ను పెద్దదై, దిగులుపడిన పసివాడి చూపులా కనిపిస్తుంది. అటువంటి చూపు ఉన్న కుక్కలను మనుషులు తరతరాలుగా ఎక్కువ ఆదరించి ఉంటారని పరిశోధకులు భావిస్తున్నారు. జపాన్‌లో జరిగి 2015లో ప్రచురితమైన ప్రయోగంలో, యజమాని కళ్లలోకి ఎక్కువసేపు చూసిన కుక్కల విషయంలో కుక్కలోను, మనిషిలోను ఆక్సిటోసిన్ పెరిగింది. తల్లీబిడ్డల అనుబంధంలో పాత్ర వహించే హార్మోన్ ఇదే. మనుషులు పెంచిన తోడేళ్లలో ఆ మార్పు కనిపించలేదు.

మా కుక్క కళ్లలో ఇప్పుడు వయసు తెచ్చిన నీలిబూడిద రంగు పొర ఉంది. గదికి అటు చివర నిలబడితే నన్ను సరిగా పోల్చుకోలేదు. పేరు పెట్టి పిలిస్తే తల తిప్పి, ముక్కు ఎత్తి గాలిని రెండుసార్లు పీల్చి, తరువాత కనుబొమల కొసలు లేపుతుంది. ఆపై మళ్లీ లేచి, గుడ్డను గీరి, నడుము నొప్పి వల్ల ఈమధ్య రెండే చుట్లు తిరిగి పడుకుంటుంది.