నేను మారాలా, వాళ్ళు మారాలా?

గుంతకల్లు

చిరంజీవులు మనవళ్ళకు, మనవరాళ్ళకు తాత ఆశీర్వదించి రాసేది.

ఇక్కడ అందరం క్షేమం. ముంగారు వానలు ఈసారి ఆలస్యం చేసినాయి. అవ్వకు మోకాళ్ళ నొప్పి మామూలే.

మొన్న రాత్రి పెద్దపాప ఫోన్ చేసింది. క్లాసులో ఎవరితో మాట మొదలుపెట్టినా వాదనై కూర్చుంటోందంట. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నా "అప్పుడట్ల అనుండాల్సింది, ఇట్ల అనుండాల్సింది" అని అదే తిరుగుతోందంట. "తాతా, నేను మారాలా, వాళ్ళు మారాలా?" అని అడిగింది. ఇది ఒక్కపూట ఫోన్‌లో తేలే సంగతి కాదు. పైగా ఈరోజు దానికొచ్చిన ప్రశ్న రేపు మీలో ఇంకొకరికి వస్తుంది. అందుకే అందరికీ కలిపి రాస్తున్నా.

జవాబు చెప్పకుండా ముందు దానితో ఒక ఆట ఆడించినా. "2, 4, 6. ఈ మూడూ నా మనసులో ఉన్న ఒక నియమం ప్రకారం వచ్చినాయి. అదేందో కనుక్కో. నువ్వు ఏ మూడు సంఖ్యలైనా చెప్పు, నా నియమానికి సరిపోతే ఔనంటా, లేకుంటే కాదంటా" అన్నా. పాప వెంటనే 8, 10, 12 అనింది. ఔనన్నా. 20, 22, 24. ఔను. 100, 102, 104. ఔను. "ఇంకేముంది తాతా, రెండేసి పెరిగే సరిసంఖ్యలు!" అనింది. కాదన్నా. "అట్లెట్ల కాదు?" అని నాతోనే వాదనకు దిగింది. కాసేపు తల గోక్కుని, విసుగుపుట్టి 1, 7, 50 అనింది. దానికీ ఔనన్నా. చివరికి 6, 4, 2 అడిగింది. అప్పుడు తను చెప్పిన సంఖ్యలకు మొదటిసారి 'కాదు' వచ్చింది, దాంతోపాటే నియమమూ దొరికింది. ముందున్న దానికన్నా తర్వాతది పెద్దదైతే చాలు, అంతే.

ఈ ఆట నేను కనిపెట్టింది కాదు. లండన్‌లో పీటర్ వాసన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1960లో దీన్ని విద్యార్థులతో ఆడించి చూసినాడు. చాలామంది మన పాప మాదిరే చేసినారు. తమకు తోచిన నియమానికి సరిపోయే సంఖ్యలనే అడుగుతూ పోయినారు, 'ఔను' వచ్చిన ప్రతిసారీ ఇంకాస్త గట్టిగా నమ్మినారు. తమ లెక్క తప్పయితే బయటపడేట్టు అడగాలని తోచినవాళ్ళు తక్కువ. వాళ్ళకు తెలివి లేక కాదు, మనిషి మనసే అట్ల నడుస్తుంది. వాదనలో మనం చేసేదీ ఇదే. అన్నం తింటే షుగర్ వస్తుందని నమ్మేవాడు ఫోన్‌లో అదే మాట కొట్టి వెతుకుతాడు, రాదని నమ్మేవాడు రాదనే కొడతాడు. ఇద్దరికీ కావాల్సింది దొరుకుతుంది. ఇద్దరూ ముందుకన్నా మొండిగా తిరిగొస్తారు.

మా చిన్నాయన సంగతి చెప్తా, మీరు ఆయన్ను చూడలేదు. ఎర్రనేలలో చెనక్కాయ పెట్టేవాడు, నోరు పెద్దది. చెనక్కాయకు జిప్సం వేయమని చెప్పడం మొదలుపెట్టినప్పుడు ఊర్లో అందరికన్నా గట్టిగా అడ్డం తిరిగింది ఆయనే. "ఆ తెల్లపొడి చల్లితే నేల సున్నమై చస్తుంది" అని రచ్చకట్ట మీద కూర్చుని పొద్దుగూకే దాకా వాదించేవాడు. చెప్పేవాళ్ళ మాటలో నిజముంది. పూత తర్వాత ఊడలు నేలలోకి దిగుతాయి కదా, ఆ ఊడ కొసన ఊరే కాయ తనకు కావాల్సిన కాల్షియంను వేర్ల నుంచి తెప్పించుకోదు, చుట్టూ ఉన్న మట్టిలోంచి నేరుగా పీల్చుకుంటుంది. మట్టిలో అది తక్కువైతే పైన చెట్టు పచ్చగానే ఉంటుంది, లోపల కాయ తాలుపోతుంది. జిప్సంలో ఉండేది ఆ కాల్షియమే, అందుకే పూత సమయంలో ఎకరాకు 200 కిలోల జిప్సం మొదళ్ళ దగ్గర వేసి మట్టి ఎగదోయమంటారు. ఇదంతా చిన్నాయనకు చెప్పినారు. ఎంత చెప్తే అంత బిగుసుకున్నాడు.

పక్క చేను ఆసామి మాత్రం వాదించలేదు. "నువ్వనేది నిజమే కావచ్చులే అన్నా. నా చేన్లో నాలుగు సాళ్ళకు వేస్తా, నాలుగు సాళ్ళు వదిలేస్తా. పెరికేటప్పుడు ఇద్దరం చూద్దాం" అన్నాడు, అంతే. పెరికే రోజు నేనూ అక్కడే ఉన్నా. ఆ సాళ్ళలో ఒక చెట్టు, ఈ సాళ్ళలో ఒక చెట్టు పెరికి, మట్టి దులిపి, గట్టు మీద పక్కపక్కన పెట్టినాడు. చిన్నాయన గొంతుక్కూర్చుని ఒక్కొక్క కాయ బొటనవేలితో నొక్కినాడు. జిప్సం వేయని చెట్టు కాయలు చాలావరకు నొక్కంగానే లోపలికి సొట్టపోయినాయి, ఉత్త డొల్ల. వేసిన చెట్టువి టప్పుమని పగిలి రెండేసి గింజలు బయటపడినాయి. నమ్మకం చాలక ఆయనే లేచిపోయి ఇంకో రెండు చెట్లు పెరుక్కొచ్చుకున్నాడు. మళ్ళీ నొక్కినాడు. ఆ సేపంతా ఆ ఆసామి బీడీ ముట్టించుకుని ఎద్దుల బేరం గురించి మాట్లాడినాడు. "చూసినావా, నేను చెప్పలా" అనే మాట ఆయన నోట రాలేదు. ఆ రోజే కాదు, తర్వాత కూడా ఎప్పుడూ రాలేదు. మరుసటి ఏడు చిన్నాయన బండిలో జిప్సం మూటలు వేసుకొచ్చినాడు. ఎవరూ అడక్కుండానే "ఊరికే, చూద్దామని" అన్నాడు.

ఈ కథలో నాకు ఇష్టమైన మనిషి చిన్నాయన కాదు, ఆ ఆసామి. "నువ్వనేది నిజమే కావచ్చు" అని ఆయన మర్యాదకు అన్నది కాదు. మర్యాదకే అయితే చేనంతా జిప్సం వేసుకుని ఊరకుండేవాడు. నాలుగు సాళ్ళు వదిలేసినాడంటే, తన మాట తప్పని తేలితే ఒప్పుకోవడానికి సిద్ధపడే వదిలినాడు. పైగా చిన్నాయన వెనక్కి తగ్గడానికి దారి కూడా వదిలినాడు. నలుగురిలో పరువు పోతుందంటే ఎంత నిజమైనా మనిషికి చేదే.

పెద్దపాపా, నీ ప్రశ్నకు నా దగ్గరుండే జవాబు ఇదే. వాళ్ళు మారేది వాళ్ళ చేతిలో ఉంది, వాళ్ళ తీరికను బట్టి ఉంది. నువ్వు మారాల్సొస్తే సిద్ధంగా ఉండు. వాళ్ళు మారితే తలవంపులు కాకుండా చూడు. ఈ రెండూ నీ పనులు. వాళ్ళను మార్చడం నీ పని కాదని తెలిసినాక అన్నం ముందు ఆ మాటలు తిరగడం దానంతటదే తగ్గుతుంది.

కోపం ఎక్కినాక మాత్రం ఇవేవీ పనిచేయవు. గుండె దడదడ కొట్టుకుంటుంది, ఒంట్లో అడ్రినలిన్ పొంగుతుంది, అవతలి మాట చెవిన పడుతుంది గానీ బుర్రకెక్కదు. భార్యాభర్తల తగవుల మీద ఏళ్ళ తరబడి పరిశోధన చేసిన అమెరికా శాస్త్రవేత్త జాన్ గాట్‌మన్, అట్లాంటప్పుడు కనీసం 20 నిమిషాలు మాట ఆపేయమంటాడు. ఆ 20 నిమిషాలూ "వాణ్ణి ఇట్ల అడగాల" అని లోపల నూరుకుంటూ కూర్చుంటే ఆపినట్టు కాదు. వేరే పనేదైనా పట్టుకోవాల. మీ అవ్వ కోపమొస్తే గంగాళాలు తోముతుంది. మా ఇంట్లో గంగాళాలు ఎందుకంత మెరుస్తాయో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

మనకు దగ్గర్లోనే కొనకొండ్ల ఉంది. జైనులు గొప్పగా కొలిచే కుందకుందాచార్యుడి ఊరు అదేనని చెప్తారు. అక్కడి రససిద్ధుల గుట్ట మీద తీర్థంకరుల విగ్రహాలున్నాయి. ఏ వస్తువుకైనా పార్శ్వాలు చాలా ఉంటాయని, ఒకరు ఒక చోటు నుంచి చూసి చెప్పింది ఆ చోటు వరకే నిజమని జైనుల సిద్ధాంతం. దాన్ని అనేకాంతవాదమంటారు. ఏ మాటకైనా ముందు 'ఒక రకంగా చూస్తే' అని చేర్చుకోమన్నారు. పుస్తకాల్లో ఇది చాలా లోతుగా పోతుంది. మన చేలల్లో మాత్రం ప్రతి ఏడూ కళ్ళముందే ఉంటుంది. చెనక్కాయలో కంది సాళ్ళు వేస్తాం కదా. చెనక్కాయ పెరికి చేన్లో ఆరబెట్టినప్పుడు వాన పడితే కాయ నల్లబడి బూజు పడుతుంది, రైతు తిట్టుకుంటాడు. అదే చేన్లో నిలబడి ఉన్న కందికి ఆ వానే ప్రాణం. 'ఈ వాన మంచిదా, చెడ్డదా' అని ఇద్దరు కొట్టుకుంటే ఎవరి పక్షం తీసుకుంటారు? 'దేనికి?' అని అడిగితే సగం గొడవలు అక్కడే తేలిపోతాయి.

అట్లని అన్నిటికీ తలూపమని కాదు నేననేది. కులం పేరు పెట్టి ఎవరినైనా దూరంగా కూర్చోబెట్టినా, ఆడపిల్ల చదువు మధ్యలో ఆపి పెళ్ళి చేస్తామన్నా, 'ఒక రకంగా చూస్తే' అని నానబెట్టొద్దు. అక్కడ నిలబడి కాదనాల్సిందే. న్యాయదర్శనమనే మన పాత తర్కశాస్త్రంలో కూడా నిజం తేల్చుకోవడానికి చేసేది వాదమన్నారు, గెలుపు కోసం చేసేది జల్పం, తనకంటూ ఏ మాటా లేకుండా ఎదుటివాణ్ణి పడగొట్టడానికే చేసేది వితండ. మొదటిది మానేయమని ఎవరూ చెప్పలేదు. క్లాసులో జరిగేవి చాలావరకు రెండోవి, ఫోన్లలో జరిగేవి మూడోవి.

ఇంక చిన్నోడి సంగతి. వాడు ఎవరితోనూ వాదించడని మీ అమ్మ మెచ్చుకుంటుంది. నాకు అంత నమ్మకం లేదు. నాయనా, నీ బ్యాటు తీసుకుపోయి విరగ్గొట్టిన పిల్లోడితో నువ్వు నెల నుంచి మాట్లాడటం లేదంట, అడిగితే "ఏం లేదు తాతా" అంటావంట. నోరు మూసుకుని లోపల ఉడుకుతుంటే అది శాంతం కాదు. రేపు వాడు ఒంటరిగా ఉన్నప్పుడు పోయి, "ఆ బ్యాటు మా మామ కొనిచ్చింది, విరిగితే నాకు ఏడుపొచ్చింది" అని ఒక్క మాట చెప్పు. కొత్తది కొనివ్వమని అడగొద్దు. వాడేమంటాడో మధ్యలో అడ్డం పడకుండా పూర్తిగా విను. ఆదివారం ఫోన్ చేసి నాకు చెప్పు, ఫోన్ అవ్వ ఎత్తితే నన్ను పిలవమను.

ఇట్లు,
మీ తాత