లాసిక్ తర్వాత కంటి ప్రెషర్ అంకెను ఎందుకు నమ్మలేం?

అద్దాలు వదిలించుకోడానికి లేజర్‌తో కార్నియాను (నల్లగుడ్డు మీది పారదర్శక పొరను) చెక్కే ఆపరేషన్ లాసిక్. అది చేయించుకుంటే గ్లాకోమా, అంటే నీటికాసులు వస్తుందేమోనన్న టెన్షన్ చాలామందికి ఉంది. చాలాసార్లు కంటి లోపలి ప్రెషర్ పెరిగి, చూపును మెదడుకు చేర్చే ఆప్టిక్ నరం దెబ్బతినే జబ్బిది. లేజర్ వల్లే నీటికాసులు పుట్టుకొస్తాయనుకోవడం సరికాదు. చిక్కంతా ఆ ప్రెషర్ కొలతలో ఉంది, అదీ లేజర్ కన్నా పాతది.

1950ల్లో స్విట్జర్లాండ్ డాక్టరు హన్స్ గోల్డ్‌మన్ రూపొందించిన టోనోమీటరే (కంటి ప్రెషర్ కొలిచే మిషన్) నేటికీ ప్రామాణికం. కంట్లో మత్తు చుక్క, పసుపు రంగు వేసి గడ్డం స్టాండుకు ఆనించమంటారు. నీలి వెలుతురుతో చిన్న మొన వచ్చి నల్లగుడ్డును తాకుతుంది. డాక్టరుకు రెండు ఆకుపచ్చ అర్ధవలయాలు కనిపిస్తాయి. వాటి లోపలి అంచులు కలిసేదాకా చక్రం తిప్పి అంకె చూస్తారు. 3.06 మిల్లీమీటర్ల వ్యాసం మేర కార్నియాను చదును చేయడానికి ఎంత బలం పట్టిందో చెప్పే అంకె అది. కార్నియా మందం సుమారు 520 మైక్రాన్లు ఉంటుందనే లెక్కతో దీన్ని తయారుచేశారు. మందం మారితే అంకె మారుతుందని గోల్డ్‌మన్‌కూ తెలుసు. కానీ కార్నియాను కావాలని పలచన చేసే రోజులొస్తాయని అప్పుడెవరనుకున్నారు?

1981లో అమెరికాలోని ఐబీఎం ల్యాబ్‌లో, మద్రాసులో చదువుకున్న రంగస్వామి శ్రీనివాసన్ పండగ విందులో మిగిలిన టర్కీ కోడి ముక్కపై ఎక్సైమర్ అనే రకం లేజర్ ప్రయోగించారు. చుట్టుపక్కల కాలకుండా శుభ్రంగా తెగింది. రెండేళ్లకు కంటి డాక్టరు స్టీఫెన్ ట్రోకెల్‌తో కలిసి దాన్ని కార్నియాకు తెచ్చారు. 1990ల్లో లాసిక్ వచ్చింది.

ఒక్కో పవర్‌కు పది పదిహేను మైక్రాన్ల కార్నియా పోతుంది. పలచబడ్డ కార్నియా తేలిగ్గా లొంగుతుంది కాబట్టి, అసలు ప్రెషర్ హద్దు దాటి 22 ఉన్నా మిషన్ 18 చూపించవచ్చు. రిపోర్టులో మాత్రం 'నార్మల్'.

ఆపరేషన్ తర్వాత వేసే స్టెరాయిడ్ చుక్కలు ఇంకో సమస్య. కొందరిలో వాటివల్లే ప్రెషర్ పెరుగుతుంది. అరుదుగా ఫ్లాప్ (లాసిక్‌లో పైకి ఎత్తి మళ్లీ పరిచే కార్నియా పలచని పొర) కింద నీరు చేరుతుంది. అప్పుడు మొన ఆ నీటినే నొక్కి, లోపల ప్రెషర్ ఎంతున్నా తక్కువే చూపిస్తుంది.

పైగా లాసిక్‌కు వెళ్లేవాళ్లలో ఎక్కువమంది మైనస్ పవర్ వాళ్లు. ఆపరేషన్ మాటెలా ఉన్నా, వాళ్లకు గ్లాకోమా ముప్పు మామూలుగానే కాస్త ఎక్కువ. ఇరవైల్లో అద్దాలు వదిలేసిన తొలితరం ఇప్పుడు నలభై దాటింది, అంటే ఈ జబ్బు కోసం పరీక్షలు మొదలుపెట్టాల్సిన వయసు. అద్దాల్లేవు కాబట్టి కంటి డాక్టరు మొహం చూడనివాళ్లు ఉంటారు. చూసినా, ఎప్పుడో చేయించుకున్న లాసిక్ సంగతి కొందరు చెప్పరు. కొత్త డాక్టరుకు ఆ సంగతితో పాటు ఆపరేషన్‌కు ముందటి ప్రెషర్, కార్నియా మందం కాగితాలు అందితే, ఆయన మిషన్ అంకెతో సరిపెట్టుకోకుండా ఆప్టిక్ నరం చూసి, ఓసీటీ (ఆ నరం పొరల స్కాన్), విజువల్ ఫీల్డ్ (చూపు ఎంతమేర ఆనుతుందో చూసే) టెస్టులు రాస్తారు.