కొవ్వాడకు ఏ రియాక్టర్? ఈ లెక్క 1954 నాటిది

విజయవాడవాళ్లకు కరెంటు అంటే ఇబ్రహీంపట్నం. 1979 నుంచి అక్కడ బొగ్గు మండుతూనే ఉంది. ఆ చుట్టుపక్కల డాబా పిట్టగోడ మీద చెయ్యి పెడితే వేళ్లకు బూడిద అంటుకుంటుంది. ఇది పోవాలంటే అణు విద్యుత్ రావాలనేవాళ్లు చాలామందే. శ్రీకాకుళం తీరంలో కొవ్వాడ దగ్గర కట్టాలనుకుంటున్న అణు కేంద్రానికి ఏ రియాక్టర్ అని అడిగితే మాత్రం మాట ఆగిపోతుంది.

రియాక్టర్‌తో పాటు దాని ఇంధనాన్ని, విడిభాగాలు ఇచ్చేవాణ్ని కూడా అరవై ఏళ్లకు కట్టుకోవాలి. అమెరికాలో ఆ ముడి వేసింది నౌకాదళం. నాటిలస్ జలాంతర్గామిలో మామూలు నీటితో చల్లబరిచే రియాక్టర్ పెట్టారు. సీవుల్ఫ్ అనే ఇంకో జలాంతర్గామిలో నీటికి బదులు కరిగిన సోడియంతో చల్లబరిచే రియాక్టర్ పెట్టి, లీకులతో విసిగి తీసేశారు. 1957లో షిప్పింగ్‌పోర్ట్ కరెంటు కేంద్రానికీ నీటి రకమే వెళ్లింది. అక్కడి ఓక్ రిడ్జ్ ప్రయోగశాలలో కరిగిన ఉప్పుతో చేసిన రియాక్టర్ 1965 నుంచి 1969 దాకా బాగానే నడిచినా పక్కన పడింది. 2002లో అంతర్జాతీయ బృందం ఎంపిక చేసిన ఆరు 'భవిష్యత్ రియాక్టర్ల'లో సోడియం, ఉప్పు రెండూ ఉన్నాయి. కొత్తవంటున్నవి తాతల కాలం నాటివే!

మన దారి వేరు. యురేనియం తక్కువ, తీరం ఇసుకలో థోరియం ఎక్కువ కాబట్టి హోమీ భాభా 1954లో మూడు దశల పథకం చెప్పారు: ముందు సహజ యురేనియం, భారజలం (బరువైన హైడ్రోజన్ ఉన్న నీరు), తర్వాత ప్లుటోనియంతో ఫాస్ట్ బ్రీడర్లు (వాడినదానికన్నా ఎక్కువ ఇంధనం పుట్టించే రియాక్టర్లు), చివరికి థోరియం. 1974 పోఖ్రాన్ పరీక్షతో కెనడా రాజస్థాన్ ప్లాంటును మధ్యలో వదిలేసి వెళ్లింది. దాంతో భారజలం రియాక్టర్ పట్టుబట్టి మనమే నేర్చుకోవాల్సి వచ్చింది.

అందులో తెలుగు నేల వాటా పెద్దదే. తుమ్మలపల్లెలో యురేనియం ఖనిజం, మణుగూరులో భారజలం, హైదరాబాద్‌లో ఇంధనం. 220 మెగావాట్ల రియాక్టర్‌లో వేసే ఇంధన కట్ట అరమీటరు పొడవు, 19 కడ్డీలు, పదిహేను కిలోల పైచిలుకు. చూడ్డానికి ఇంత, దాని వెనక యాభై ఏళ్ల అనుభవం.

రెండో దశే నత్తనడక. కల్పాక్కంలో 500 మెగావాట్ల బ్రీడర్ పని 2004లో మొదలైతే, ఇంధనం నింపడానికి అనుమతి వచ్చింది 2024లో. ఇప్పుడేమో చిన్న రియాక్టర్ల మీద మోజు. 2025 బడ్జెట్‌లో వాటికి 20,000 కోట్లు ప్రకటించి, 2033 కల్లా ఐదు నడుస్తాయన్నారు. కల్పాక్కం చూశాక ఆ తేదీని నేనైతే క్యాలెండర్‌లో రాసుకోను.

కొవ్వాడ సంగతి ఇంకో తీరు. 2008లో విదేశాలతో అణు వ్యాపారానికి తలుపులు తెరుచుకున్నాక అది అమెరికా కంపెనీల వాటాకు వెళ్లింది. ప్రమాదం జరిగితే రియాక్టర్ సరఫరా చేసినవాళ్ల మీదా భారం పడొచ్చన్న 2010 పరిహార చట్టం చూసి జీఈ కంపెనీ వెనకడుగు వేసింది. తర్వాత వెస్టింగ్‌హౌస్ కంపెనీ ఏపీ1000 (మామూలు నీటి రకం) రియాక్టర్లు ఆరు, ఒక్కోటి 1,208 మెగావాట్లు అన్నారు. 2017లో ఆ కంపెనీయే దివాలా పిటిషన్ వేసింది, తర్వాత చేతులు మారింది. నన్నడిగితే గుజరాత్‌లోని కాక్రాపార్‌లో నడుస్తున్న మన 700 మెగావాట్ల భారజలం రకమే అక్కడా కట్టొచ్చు, దానికి సహజ యురేనియం చాలు. ఏపీ1000కు యు-235 (యురేనియంలో సులువుగా చీలే రకం) పాళ్లు పెంచిన యురేనియం కావాలి, అంత మోతాదులో పెంచుకునే ప్లాంటు మనకు లేదు. అంటే తుమ్మలపల్లె ఖనిజం ఉన్న రాష్ట్రంలోనే, ఏపీ1000 కడితే కొవ్వాడ ఇంధనం ఓడలో రావాలి.